నూట యాభైయేడు కోట్ల సూర్యోదయాలు

ప్రాతఃకాలమున రాజోలులో ఏ ఇంట పూజ ఆరంభమైనా సంకల్పవాక్యం ఒకే క్రమంలో అవతరిస్తుంది. బ్రహ్మదేవుని ద్వితీయ పరార్ధం వద్ద మొదలై, శ్వేతవరాహకల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగ ప్రథమపాదం మీదుగా దిగివచ్చి, సంవత్సర అయన ఋతు మాస పక్ష తిథి వారాలను స్పృశించి, చివరకు ఒక గోత్రం, ఒక నామధేయం వద్ద ఆగుతుంది. దేశనిర్దేశమూ అట్టిదే. జంబూద్వీపం నుంచి శ్రీశైలానికి, శ్రీశైలం నుంచి ఈశాన్యానికి, అక్కడి నుంచి నదీతీరానికి చేరుతుంది. ఇక్కడ రాజోలు సీమవారికి ఒక చిన్న చిక్కు ఉన్నది. ఒక వైపు వసిష్ఠ, మరొక వైపు వైనతేయ. రెండూ గోదావరీ శాఖలే. కృష్ణా గోదావరుల మధ్యదేశమని అన్యులు చెప్పుకొన్నట్లు చెప్పుకొంటే ఈ లంకభూమికి సరిపడదు. కనుక నదుల పేర్ల వద్ద పురోహితులు కాస్త ఆగి, సరిచేసుకొని చెబుతారు. కాలనిర్దేశం వద్ద మాత్రం ఎవరూ ఆగరు.

ఆగినవారు ఒకరున్నారు. రాజోలు పరిసరాలలోని ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించి విశ్రాంతి పొందిన వృద్ధుడు. ఊరివారికి ఆయన మాస్టారు, అంతే. ఆయన ఆగడానికి హేతువు తత్త్వజిజ్ఞాస కాదు, ఒక ఆబ్దికం. 1996 నవంబరు 6వ తేదీ, ధాతృనామ సంవత్సరం, దీపావళి ముంగిట, తుపాను కోనసీమను ఊడ్చివేసిన రాత్రి, కాట్రేనికోన వైపు తీరగ్రామానికి పని మీద వెళ్ళిన ఆయన తమ్ముడు తిరిగి రాలేదు. వెయ్యిమందికి పైగా మరణించిన విపత్తు అది. తోటలకు తోటలు కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. దేహం లభించలేదు. తుపాను తీరం దాటిన రాత్రినే ప్రమాణంగా గ్రహించి, నాటి తిథిని పురోహితులు నిశ్చయించారు. ప్రతి ఆశ్వయుజ బహుళంలో ఆ తిథినాడు ఆబ్దికం జరుగుతూ వచ్చింది.

కొన్ని సంవత్సరాలకు ఒక ఏట ఇంట్లో ఉన్న పంచాంగం ఒక రోజు చెప్పింది, బంధువు పట్టణం నుంచి తెచ్చిన మరొక పంచాంగం దాని మరునాడు చెప్పింది. ఒకటి పూర్వసిద్ధాంతం, మరొకటి దృగ్గణితం. తిథి ఘడియలలోని భేదం అపరాహ్ణవేళను దాటి, ఆబ్దికాన్ని ఒక దినం నుంచి మరొక దినానికి జరిపింది.

“శాస్త్రిగారూ, మా వాడిది ఏ రోజండీ?” అని మాస్టారు అడిగారు.

“మీ ఇంట ఏ పంచాంగం నడుస్తున్నదో అదేనండి. ఆచారం మార్చకండి మాస్టారూ,” అన్నారు పురోహితులు.

సమాధానం శాస్త్రసమ్మతమే. కానీ దేహం కూడా దక్కని వానికి మిగిలినది ఒక్క దినమే కదా. ఆ ఒక్కటీ రెండుగా చీలడం మాస్టారుకు సహ్యం కాలేదు. తిథిభేదానికి ప్రధాన కారణం చంద్రస్ఫుటమని, పూర్వగణనలో చంద్రగతికి కొన్ని సంస్కారాలు లేవని ఆయనకు త్వరగానే బోధపడింది. అయినా అక్కడ నిలువక, సిద్ధాంతానికి మూలమైన సంఖ్యల వరకు వెళ్ళారు. గణితం చెప్పినవారికి అది సహజం. లెక్క తప్పితే మొదటి పంక్తి నుంచి సరిచూస్తారు.

మొదటి పంక్తి మహాయుగం. 43,20,000 సౌరవర్షాలు. ఈ సంఖ్యను గురించి ఈనాడు ఎన్నో అద్భుతాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో అధికభాగం చెప్పేవారి ఉత్సాహమే తప్ప సంఖ్యలో లేనివి. సంఖ్యలో ఉన్నది వేరు. దానిని ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే రెండు ఎనిమిది మార్లు, మూడు మూడు మార్లు, ఐదు నాలుగు మార్లు వస్తాయి. నాల్గవ ప్రధానసంఖ్య లేదు. కనుక దానికి 180 భాజకాలు. పన్నెండు మాసాలకు, ముప్పది దినాలకు, అరవై ఘడియలకు అది శేషం లేకుండా లొంగుతుంది. అరవైని అరవైతో, మళ్ళీ అరవైతో గుణించి ఇరవైతో గుణిస్తే వచ్చేది ఇదే. లెక్కించేవాని చేతికి అనుకూలంగా మలచిన సంఖ్య అది. దీనిని అంగీకరించడానికి శ్రద్ధకు భయం అక్కరలేదు. ప్రమిద చేతికి అమరేలా చేసినంత మాత్రాన దీపం కల్పితం కాదు.

అట్లని అన్నీ అమరవు. సహస్ర మహాయుగాలు బ్రహ్మకు ఒక పగలని గీత ఎనిమిదవ అధ్యాయం చెబుతున్నది. ఆ పగటిలో పదునలుగురు మనువులు. వెయ్యిని పద్నాలుగుతో భాగిస్తే నిశ్శేషంగా పోదు. ఒక్కొక్క మనువుకు 71 మహాయుగాలు ఇస్తే 994 అవుతాయి, ఆరు మిగులుతాయి. సూర్యసిద్ధాంతం ఆ ఆరింటిని పారవేయలేదు. మన్వంతరాల ఆదిమధ్యాంతాలలో కృతయుగ ప్రమాణం గల, అంటే 17,28,000 వర్షాల, పదిహేను సంధులను ఉంచింది. పదిహేను సంధులు కలిస్తే సరిగ్గా ఆరు మహాయుగాలు. ప్రళయజలాల కాలమని పురాణం చెప్పేది ఆ మిగులునే. పాఠశాలలో శేషాన్ని ఎప్పుడూ పక్కన వేయించిన మాస్టారు ఈ చోట చాలాసేపు ఆగారట.

ఇక రెండవ పంక్తి. ఆ మహాయుగంలో ఎన్ని సూర్యోదయాలు? ఉదయం నుంచి ఉదయం వరకు ఒక సావనదినం. సూర్యసిద్ధాంతం చెప్పే సంఖ్య 1,57,79,17,828. దీనిని పొందే మార్గం పంచాంగకర్తలకు కంఠస్థం. మహాయుగానికి సౌరమాసాలు 5,18,40,000, అధికమాసాలు 15,93,336, రెండూ కలిపితే చాంద్రమాసాలు 5,34,33,336. ముప్పదితో గుణిస్తే తిథులు 1,60,30,00,080. అందులోంచి క్షయతిథులు 2,50,82,252 తీసివేస్తే మిగిలేవి సూర్యోదయాలు. వేంగీదేశీయుడైన మల్లికార్జునసూరి 1178లో వ్యాఖ్యానించినదీ ఈ సిద్ధాంతాన్నే. ఈ గడ్డకు ఇది పరాయి లెక్క కాదు.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో అదే మహాయుగానికి సూర్యోదయాలు 1,57,79,17,500. రెంటికీ భేదం 328 దినాలు. నలభైమూడు లక్షల ఇరవై వేల సంవత్సరాలలో ఒక ఏడాది కూడా కాదు. సంవత్సరానికి పంచుకొంటే ఆరున్నర సెకన్లు. మొదట చూసినప్పుడు మాస్టారు దీనిని ఉపేక్షింపదగిన భేదంగానే తలచారు. తరువాత పాత అలవాటు చొప్పున దినసంఖ్యకు, వర్షసంఖ్యకు గరిష్ఠ సామాన్య భాజకం కట్టారు. పెద్దదానిని చిన్నదానితో భాగించడం, శేషంతో మళ్ళీ భాజకాన్ని భాగించడం, శేషం సున్న అయ్యేవరకు అట్లే సాగడం. ఎనిమిదవ తరగతి పిల్లలు చేసే పని. ఆర్యభటుడు చెప్పిన కుట్టక ప్రక్రియకు ఇదే ప్రాణం. ఆ భాగఫలాలను ఒకదాని క్రింద ఒకటి పేర్చితే దానిని వల్లి అంటారు, తీగ.

ఆర్యభటుని సంఖ్యతో ఆ తీగ ఏడు మెట్లలో ముగిసింది. శేషాలు 11,17,500, 9,67,500, 1,50,000, 67,500, 15,000, 7,500, అంతట సున్న. సామాన్య భాజకం 7,500.

సూర్యసిద్ధాంత సంఖ్యతో అది ముగియలేదు. 11,17,828, 9,66,516, 1,51,312, 58,644, 34,024... ఒక్కొక్క మెట్టూ ఒకటి ఒకటిగా దిగుతున్నది. కాగితం క్రిందికి చేరి రెండవ వైపు తిప్పవలసి వచ్చింది. 76, 48, 28, 20, 8, 4, సున్న. ఇరవైమూడు మెట్లు. సామాన్య భాజకం కేవలం నాలుగు.

సామాన్య భాజకంతో అపవర్తనం చేసిన తరువాత మిగిలిన జంటను ప్రాచీనులు దృఢములన్నారు, ఇక చీలనివి. ఆర్యభటుని దృఢాలు 576 వర్షాలు, 2,10,389 దినాలు. సూర్యసిద్ధాంతపు దృఢాలు 10,80,000 వర్షాలు, 39,44,79,457 దినాలు. ఈ రెండవ జంటలోని దినసంఖ్య బేసి. అంకెల మొత్తం 52 కనుక మూడుతో పోదు. చివర ఏడు కనుక ఐదుతో పోదు. రెండు, మూడు, ఐదులతోనే నిర్మితమైన వర్షసంఖ్యకూ దీనికీ ఇక బంధుత్వం లేదు. మరొక వింత. మహాయుగాన్ని నాలుగు సమపాదాలుగా, ఒక్కొక్కటి 10,80,000 వర్షాలుగా, విభజించినది ఆర్యభటుడు. అందుకు బ్రహ్మగుప్తుడు ఆయనను ఆక్షేపించాడు. సూర్యసిద్ధాంతం స్మృతులను అనుసరించి నాలుగు, మూడు, రెండు, ఒకటి అనే నిష్పత్తిలో యుగాలను చెప్పింది. అయినా దాని దినసంఖ్యలో దాగిన చీలిక మాత్రం ఆ సమపాదమే.

ఇదంతా ఎందుకంటే, దృఢసంఖ్య చెప్పేది పునరావృత్తిని. మధ్యమసూర్యుడు ఒక ఉదయాన రాశిచక్రంలో ఏ బిందువున నిలిచాడో, మళ్ళీ ఏదో ఒక ఉదయాన సరిగ్గా అదే బిందువున ఎప్పుడు నిలుస్తాడు? ఆర్యభటుని లెక్కలో 576 సంవత్సరాలకు. 1996 నవంబరు 6వ తేదీ ఉదయానికి ముందటి ప్రతిరూపం 1420లో, రాజమహేంద్రవరంలో రెడ్డిరాజుల నాడు, వచ్చిపోయింది. తదుపరిది 2572లో వస్తుంది. వారం కూడా కలవాలంటే ఏడుతో గుణించాలి, 4,032 సంవత్సరాలు. దూరమే, కానీ వస్తుంది. కాలం చక్రమని ఇంటింటా చెప్పుకొనే మాటకు ఇక్కడ అంకెల రూపం ఉన్నది. ఆ రాత్రి మాస్టారుకు చాలాకాలం తరువాత నిద్ర పట్టిందని ఇంటివారు అన్నారు.

సూర్యసిద్ధాంతపు లెక్కలో అదే ఉదయం 10,80,000 సంవత్సరాలకు గాని రాదు. కలియుగం మొత్తం ఆయుర్దాయం 4,32,000 సంవత్సరాలు. అనగా, ఇంట నడిచే పంచాంగానికి మూలమైన సంఖ్యను బట్టి, ఈ కలియుగారంభం నుంచి అంతం వరకు ఏ రెండు ఉదయాలలోనూ సూర్యుడు ఒకే బిందువున ఉండడు. ఒక్క ఉదయమూ మరల రాదు. వారం కూడా కలియవలెనంటే 75,60,000 సంవత్సరాలు కావాలి, మహాయుగమే చాలదు.

రెండు సంఖ్యలకు భేదం ఆరున్నర సెకన్లు. ఒకటి తిరిగి వస్తుందని చెబుతున్నది, రెండవది రాదంటున్నది.

కొన్నాళ్ళు ఆయన ఈ రెంటి మధ్య నలిగారు. ఏది సత్యమని తేల్చడానికి ఆధునిక గణన వైపు చూశారు. నాక్షత్ర సౌరవర్షం 365.25636 దినాలు. సూర్యసిద్ధాంత వర్షం 365.25876, ఏడాదికి సుమారు మూడు నిమిషాల ఇరవైయేడు సెకన్లు ఎక్కువ. ఆర్యభటునిదీ మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఎక్కువే. దూరదర్శిని లేని యుగంలో ఇది సామాన్యమైన సాధన కాదు. కానీ రెంటిలో ఏదీ ఆకాశం కాదు. పైగా, దశాంశాల చివర ఇంకొక అంకె చేర్చిన మరుక్షణం సామాన్య భాజకం మారిపోతుంది, తీగ పొడవు మారుతుంది, పునరావృత్తి కాలం మారుతుంది. ఉదయం తిరిగి వస్తుందా అనే ప్రశ్నకు వచ్చిన సమాధానం సంఖ్య యొక్క ధర్మం. సూర్యుని ధర్మం కాదు.

ఇది చేదుగానే తోచింది. ఈ మాట పురోహితులతో చెప్పినప్పుడు ఆయన కోపగించుకోలేదు.

“సిద్ధాంతమే చెప్పిందండి, మాస్టారూ. శాస్త్రం అదే గాని, యుగాలు తిరిగేకొద్దీ కాలభేదం వస్తుందని మయుడికి మొదట్లోనే చెప్పాడు సూర్యాంశపురుషుడు. బీజసంస్కారం అని పెద్దలు దిద్దుకొంటూ వచ్చింది అందుకే కదండీ.”

“అయితే ఈ అంకె ఎందుకండీ? తప్పని తెలిశాక కూడా?”

“ఇవాళ ఎన్నో రోజో చెప్పడానికి,” అన్నారు పురోహితులు.

దానిని అహర్గణం అంటారు. కల్యాది నుంచి నేటి వరకు గడచిన ఉదయాల మొత్తం. మాస్టారు ఆ ఒక్క దినానికి కట్టి చూశారు. 1996 నాటికి కలియుగంలో గతించిన వర్షాలు 5,097. ఆ ఏటి ఆశ్వయుజానికి ముందు గడచిన ఆరు మాసాలు కలిపితే 61,170 మాసాలు. త్రైరాశికంతో అధికమాసాలు 1,880. ఆ ఏటి అధిక ఆషాఢం కూడా వాటిలోనిదే. మొత్తం చాంద్రమాసాలు 63,050. ముప్పదితో గుణించి, గతతిథులు చేర్చి, క్షయతిథులు తీసివేయాలి. ఇక్కడ లెక్క ఒక్కొక్కసారి ఒక దినం అటో ఇటో పడుతుంది. ఆ సంగతి పూర్వులకు తెలుసు, దానిని వారు దాచలేదు. వచ్చిన మొత్తాన్ని ఏడుతో భాగించి శేషాన్ని వారంతో సరిచూడమన్నారు. కలి ఆరంభం శుక్రవారం. శేషం సున్న అయితే శుక్రవారం, ఒకటి అయితే శనివారం. కుదరకపోతే ఒకటి కలపమన్నారు, లేదా తీసివేయమన్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15తో ఆయన ముందుగా పరీక్షించుకొన్నారు. అహర్గణం 18,43,947. ఏడుతో భాగిస్తే శేషం లేదు. నాడు శుక్రవారమే.

తరువాత రెండవ లెక్క. 18,61,928. ఏడుతో భాగిస్తే శేషం ఐదు. శుక్రవారం నుంచి ఐదు జరిగితే బుధవారం. తుపాను వచ్చినది బుధవారం. ఊరిలో ఎవరినడిగినా చెబుతారు.

మహాసంఖ్యలో వర్షమానం మూడు నిమిషాలు ఎక్కువైనా, తిథి రెండు పంచాంగాలలో రెండు రోజుల మీద పడినా, ఈ వరుసలో ఆ ఉదయానికి ఉన్న స్థానం చెదరలేదు. ఎందుకంటే అది గ్రహగతిని ఊహించి చెప్పినది కాదు. ఒకటి తరువాత ఒకటి లెక్కపెట్టినది. వారాల వరుస తెగకుండా వచ్చినంతకాలం ఆ సంఖ్యకు సాక్ష్యం ఉన్నది. నూట యాభైయేడు కోట్ల పైచిలుకులో ఆ ఒక్కదాని పేరు పద్దెనిమిది లక్షల అరవై ఒక్క వేల తొమ్మిది వందల ఇరవై ఎనిమిది. మరొక ఉదయానికి ఆ పేరు లేదు.

యోగసూత్రాల విభూతిపాదంలో క్షణం గురించిన సూత్రానికి వ్యాసభాష్యం ఒక కఠినమైన మాట చెబుతుంది. రెండు క్షణాలు ఏకకాలంలో ఉండవు. ముహూర్తం, అహోరాత్రం అనేవి బుద్ధి కూర్చిన సమాహారాలే తప్ప వస్తువులు కావు. ఉన్నది వర్తమాన క్షణం ఒక్కటే. ఈ భాష్యాన్ని మాస్టారు యౌవనంలో చదివి, కవిత్వంగా తలచి ప్రక్కన పెట్టారు. ఇరవైమూడు మెట్ల తీగ దిగిన తరువాత మళ్ళీ తీసి చూశారు. మహాయుగమే బుద్ధి కూర్చినదైతే, దానిని నిశ్శేషంగా భాగించే సంఖ్య కోసం వెదకడమూ బుద్ధి ఆటే. తమ్ముడు మహాయుగంలో పోలేదు, ఒక క్షణంలో పోయాడు. ఆ క్షణం తిరిగి వస్తుందని ఆర్యభటుని సంఖ్య చేత అనిపించుకోవాలని ఎంత ఆశపడ్డారో, రాదని రెండవ సంఖ్య చెప్పినప్పుడు ఎంత కుమిలిపోయారో తలచుకొని ఆయన తనలో తాను నవ్వుకొన్నారు. నవ్వులో కొంత తడి ఉన్నదని అప్పుడు దగ్గర ఉన్నవారు గమనించారు, అడగలేదు.

అటుపిమ్మట ఆయనకు ఒక అలవాటు ఏర్పడింది. ప్రతి ఉదయం స్నానానంతరం పంచాంగం అట్ట లోపలి వైపు పెన్సిలుతో ఆ నాటి అహర్గణం వ్రాస్తారు. నిన్నటిదానిపై ఒకటి. వసిష్ఠకు వరద వచ్చి గట్టు మీద జనం జాగారం చేసిన రోజులలోనూ ఒకటే, దీపావళి నాడూ ఒకటే. ఇప్పుడు అది 18,70,000 దాటి చాలాకాలమైంది.

ఆబ్దికం విషయంలో పురోహితుల మాటే నిలిచింది, ఇంటి పంచాంగమే. ఆనాడు సంకల్పం ఎప్పటివలెనే బ్రహ్మ పరార్ధం నుంచి దిగివచ్చింది. కల్పం, మన్వంతరం, యుగం, పాదం. సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం. వారం వద్ద మాస్టారు చేయి ఎత్తి ఆపమని సైగ చేసి, కల్యహర్గణం కూడా చేర్చగలరా అని అడిగారు. పురోహితులు అట్ట మీద అంకె చూశారు. ఏడు అంకెల సంఖ్యను సంస్కృతంలోకి మార్చబోయి ఒకటి రెండుసార్లు తడబడి, “తెలుగులోనే చెబుతానండి,” అని చెప్పి చదివారు. తరువాత వసిష్ఠ పేరు, వైనతేయ పేరు. తరువాత గోత్రం. తరువాత తమ్ముని పేరు.